కలెక్టర్ గారికి: వాగు గట్టున ఏటిపాలకు చోటివ్వండి

గౌరవనీయులైన వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,
(ప్రతులు: జిల్లా అటవీ అధికారి గారికి, తాండూరు మున్సిపల్ కమిషనర్ గారికి)



తొలకరి పడగానే వన మహోత్సవం పేరుతో మన జిల్లాలో మళ్లీ గుంతలు తవ్వుతారు. ఊరూరి నర్సరీ నుంచి వేప, కానుగ, గుల్‌మొహర్, జామ, ఉసిరి మొక్కలు ట్రాక్టర్లెక్కి బయల్దేరుతాయి. ఆ జాబితాలో ఇంకొక్క పేరు చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ చెట్టు పేరు ఏటిపాల. నేను అడిగిన ఏ నర్సరీలోనూ అది లేదు. కొందరు పేరు కూడా విననేలేదన్నారు.

క్రికెట్ బ్యాటును విల్లో కర్రతో చేస్తారని మన పిల్లలకు తెలుసు. విల్లోల్లో ఎక్కువ భాగం చలిదేశాల చెట్లే. కశ్మీర్‌లో బ్యాట్ల కోసం పెంచేది కూడా బ్రిటిష్ వాళ్ల కాలంలో బయటి నుంచి తెచ్చిన జాతే. పార్కుల్లో కొలను పక్కన జుట్టు విరబోసుకున్నట్టు వేలాడే విల్లో చైనాది. ఏటిపాల ఈ కుటుంబంలోదే అయినా మన ఎండలకూ మన వానలకూ అలవాటు పడ్డ చెట్టు. దక్షిణాదిన వాగుల ఒడ్డున, ఊటనేలల్లో, నీరు నిలిచే చోట తనంత తానుగా పెరుగుతుంది. కన్నడిగులు నీరంజి అంటారు, మరాఠీవాళ్లు వాళుంజ అంటారు. తాండూరు సంతలో నాలుగు భాషలు వినిపిస్తాయి కాబట్టి ఈ పేర్లు కూడా చెబుతున్నాను. తెలుగు పేరు గుర్తులేని పెద్దాయన కన్నడ పేరు చెబితే గుర్తుపట్టవచ్చు.

దీని శాస్త్రీయ నామం సాలిక్స్ టెట్రాస్పెర్మా. ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1781 నుంచి పన్నెండేళ్ల పాటు ఉండి, అక్కడొక తోట పెంచి, మన మొక్కలను ఒక్కొక్కటిగా భారతీయ చిత్రకారుల చేత గీయించాడు. ఆ బొమ్మల నుంచి ఎంచినవి 1795 మొదలు లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా వచ్చాయి. అందులో మొదటి సంపుటంలోనే ఏటిపాల ఉంది. అంటే రెండు వందల ఏళ్ల పైచిలుకు కిందటే రికార్డుకెక్కిన చెట్టు ఇది. ఇవాళ మన మొక్కల ఇండెంట్‌లో దానికి ఒక్క గడి లేదు.

ఈ జిల్లాకే ఎందుకు అని మీరు అడగవచ్చు. మన జిల్లా నీటి విషయంలో ఎంత పెద్దదో బయటివాళ్లకు తెలియదు. నిజం చెప్పాలంటే మనకూ పెద్దగా పట్టదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోయి, హైదరాబాదు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అవే కొండల నీళ్లు అందుకున్న కాగ్నా పడమరకు తిరిగి, తాండూరును ఆనుకుని పారి, కర్ణాటకలోకి వెళ్లి, ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాల్ఖేడ్ కోట గోడలను ఒరుసుకుంటూ భీమలో కలుస్తుంది. భీమ కూడా చివరికి కృష్ణే. ఒకే కొండ మీద పడ్డ వాన రెండు దిక్కులకు విడిపోయి, వందల కిలోమీటర్లు తిరిగి ఒకే నదిలో కలిసే చోటు ఇది. కొండపైన ఎర్రటి లాటరైట్ రాయి ఉంది. వాన నీటిని అది తనలోకి ఇంకించుకుని, వానలు వెనకబట్టాక మెల్లగా ఊటలుగా వదులుతుంది. ఆ ఊటలు, ఒర్రెలు, వాగులే ఏటిపాలకు సహజమైన నివాసం.

మూసీ దిగువన ఏం చెయ్యాలన్న దాని మీద రాజధానిలో ఎంత చర్చ జరుగుతోందో మీకు తెలిసిందే. 1908 సెప్టెంబర్ వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. ఇప్పుడు వేల కోట్ల సుందరీకరణ మాట వినిపిస్తోంది. ఆ నది మొదటి మైళ్లు మీ పరిధిలో ఉన్నాయి. అక్కడ గట్టును చెట్లతో నిలబెట్టడానికి అయ్యే ఖర్చు దిగువన ఒక్క కాంక్రీటు గోడకయ్యే ఖర్చులో ఎన్నోవంతో మీ ఇంజనీర్లను లెక్కకట్టమనండి.

ఇక చెట్టు గురించి. ఏటిపాల మధ్యరకం చెట్టు. బెరడు నిలువుగా, లోతుగా చిట్లి గరుకుగా ఉంటుంది. ఆకు బల్లెం మొనలా సన్నగా, జానెడు లోపు పొడవుంటుంది. అంచున చిన్న చిన్న పళ్లు, లేతాకు మీద పట్టులాంటి నూగు. మిగతా చెట్లు ఎండాకాలం ముందు ఆకు రాలిస్తే ఇది వానాకాలం చివరలోనే రాల్చేస్తుంది. తర్వాత కొత్త చిగుళ్లు తొడుగుతూ, చలికాలం పొడవునా మెత్తని కంకుల్లాంటి పూలు పూస్తుంది. మగ కంకులకు తీపి వాసన. పుప్పొడి కోసం తేనెటీగలు, చిన్న చిన్న ఈగలు మూగుతాయి.

ఈ లెక్క తప్పిన ఆకురాలుడు వాగుకు మేలు. వాన వెనకబట్టి ప్రవాహం నెమ్మదించిన రోజుల్లో ఆ ఆకులు నీళ్లలో పడి మెత్తబడతాయి. నీటి పురుగులు వాటిని తింటాయి. ఆ పురుగులను చేపపిల్లలు, తూనీగ పిల్లలు తింటాయి. తూనీగ పిల్లలు దోమ పిల్లలను కూడా వదలవు. గట్టు అంచు నుంచి నీళ్లలోకి వేలాడే ఎర్రటి సన్నవేళ్ల గుబురులో చేపపిల్లలు దాక్కుంటాయి. పైన వంగిన కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుంటుంది. గట్టున చెట్టు లేకపోతే అది కరెంటు తీగ మీద కూర్చోవాలి. కాగ్నా మీద ఇప్పుడు చాలా చోట్ల కనిపించేది అదే.

సీతాకోకచిలుకల మాట ప్రత్యేకంగా చెప్పాలి. కామన్ లెపర్డ్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక ఉంది. రెక్కల నిండా నల్లచుక్కలు, చిరుతకున్నట్టే. దాని గొంగళిపురుగు అన్ని ఆకులూ తినదు. మన అడవుల్లో కానరేగు, దాని బంధువులు, తర్వాత ఏటిపాల, ఇలా ఏ కొన్నింటి మీదో బతుకుతుంది. కానరేగు గుట్టమీది పొదల్లో ఉంటుంది, ఏటిపాల వాగులో ఉంటుంది. రెండూ ఉన్న చోట ఆ సీతాకోకచిలుక గుట్ట నుంచి వాగు దాకా సాగుతుంది. పూల మొక్కలు నాటి బటర్‌ఫ్లై గార్డెన్ అని బోర్డు పెట్టడం ఈమధ్య ఫ్యాషనయింది. రెక్కలొచ్చాక తాగే తేనెకు పూలు చాలు. గొంగళిపురుగుకు మాత్రం ఆకు కావాలి, అదీ ఫలానా చెట్టు ఆకే కావాలి. ఆ తిండి పెట్టే చెట్టును ఎవరూ నాటరు, పురుగు పట్టిన మొక్క అని పీకేస్తారు.

మొక్కలు నాటడంలో మనకు అనుభవం లేదనడం లేదు. 2015లో హరితహారం మొదలైన దగ్గర నుంచి ఈ రాష్ట్రం నాటినన్ని మొక్కలు దేశంలో చాలా రాష్ట్రాలు నాటలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని సర్పంచులకూ కార్యదర్శులకూ బాధ్యత పెట్టింది. అది మంచి నిబంధన. కానీ దాని వల్ల ఒక అలవాటు కూడా వచ్చింది: ఎక్కడ నాటితే బతుకుతుందో, ఎక్కడ నాటితే తనిఖీకి వచ్చినవారికి కారులోంచి కనిపిస్తుందో అక్కడే నాటడం. కాబట్టి రోడ్డు పక్క నిండింది, వాగు గట్టు బోడిగా మిగిలింది. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు అని కోనోకార్పస్‌ను పట్టణాల నిండా నింపి, తర్వాత అది వద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఆ చెట్టును పిట్టా పురుగూ కూడా పెద్దగా ముట్టవన్న సంగతి అప్పుడే తట్టి ఉంటే బాగుండేది.

మరి గట్టు బోడిగా ఎందుకు ఉంది? అది ఎవరిదీ కాదు గనుక. వాగులో ఇసుక ఒక శాఖది, నీరు నీటిపారుదల శాఖది, శిఖం భూమి రెవెన్యూది, చెట్టు అటవీ శాఖది. గట్టు దగ్గరకొచ్చేసరికి ప్రతి ఒక్కరూ పక్కవారి వైపు చూపిస్తారు. విచిత్రమేమిటంటే 2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్టు మూడూ కలిసి ఉన్నాయి. చట్టం కలిపిన వాటిని ఆఫీసులు విడదీశాయి. ఈ ఉత్తరం అటవీ శాఖకు మాత్రమే రాయకుండా మీకు రాయడానికి కారణం అదే. ఆ నాలుగు బల్లలూ మీ ముందుకొచ్చి కలుస్తాయి.

ఇసుక గురించి ఒక్క మాట. ఏటిపాల గింజ పత్తి లాంటి నూగుతో గాలికి, నీటికి కొట్టుకుపోతుంది. దానికి ఆయుష్షు తక్కువ. కొద్దిరోజుల్లోనే తడి ఆరని మెత్తటి ఒండ్రు మీద పడి మొలవాలి. లేదంటే చచ్చిపోతుంది. వరద తీసిన తర్వాత వాగు మలుపుల్లో మిగిలే ఇసుక, ఒండ్రు పొరలు దానికి పురిటిమంచం. ట్రాక్టర్లు వచ్చి ఆ పొరను గీకేస్తే మిగిలేది గుంత, లేకపోతే గట్టి రాయి. అలాంటి చోట తల్లిచెట్టు ఉన్నా పిల్లచెట్టు పుట్టదు. ఖాళీ అయిన గట్టు మీదికి సర్కారు తుమ్మ ఎక్కుతుంది, చెరువు అంచున తూటికాడ పాకుతుంది. అవి వచ్చాక వేరేవి మొలవడం కష్టం. అందుకే ఇక్కడ వదిలేస్తే ఏటిపాల దానంతట అదే వస్తుందనే మాట పనికిరాదు. మనిషి చెయ్యి పడాలి.

రైతులు ఒప్పుకోరని మీ కింది అధికారులు అనవచ్చు. చెట్టు నీడ పడితే కంది పండదు, పిట్టలు వాలతాయి అంటారని. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పండించే రైతుకు శనగపచ్చ పురుగు ఎంత పెద్ద శత్రువో వ్యవసాయాధికారిని అడగండి. పురుగు అదుపునకు ఆ శాఖే చెప్పే ఉపాయాల్లో ఒకటి పొలంలో పక్షి స్థావరాలు పెట్టమనడం. అంటే కర్రలు పాతితే వాటి మీద పాలపిట్ట, గోరింక, ఏట్రింత వాలి పురుగులను ఏరుకుతింటాయి. గట్టు మీది చెట్టు కొట్టి పొలంలో కర్ర పాతమంటున్నాం! పాలపిట్ట రాష్ట్ర పక్షి కూడా. నీడ భయం నిజమే, కాదనను. అందుకే పొలం హద్దున వేయమని అడగడం లేదు. వాగు అంచున, వరద గీతకూ మామూలు నీటి గీతకూ మధ్య, ఎవరూ సాగు చెయ్యని ఆ పట్టీలోనే వేయాలి. అక్కడ వేళ్లు మట్టిని పట్టి ఉంచితే రైతు పొలం కోసుకుపోవడం తగ్గుతుంది. ఆ లాభం రైతుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, వరదకు గుంటల కొద్దీ భూమి పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

పని ఎలా మొదలుపెట్టాలన్నది ఇప్పుడు చెబుతాను. ఇందులో తొందరపడితే చెడిపోయే సంగతి ఒకటుంది.

ముందు తల్లిచెట్లను వెతకాలి. హైదరాబాదు నర్సరీ నుంచో, కశ్మీర్ నుంచో తెచ్చిన విల్లో వద్దు. అనంతగిరి ఒర్రెల్లో, కోట్‌పల్లి జలాశయంలోకి వచ్చే వాగుల్లో, కర్ణాటక సరిహద్దు దాకా కాగ్నా పొడవునా అటవీ సిబ్బంది నడిచి చూడాలి. అక్కడ దొరకకపోతే కృష్ణా పరివాహకంలోనే పక్క జిల్లాల నుంచి తేవాలి. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. చాలా ఊళ్లలో ఆ రిజిస్టర్ బీరువాలో నిద్రపోతోంది. గొర్రెల కాపరులను, చేపలు పట్టే ముదిరాజులను, తండాల్లో ముసలమ్మలను కూర్చోబెట్టి అడిగి, ఎక్కడెక్కడ ఈ చెట్టు ఉందో, ఒకప్పుడు ఉండేదో అందులో రాయించండి. అటవీ శాఖ జీపు కన్నా ముందు వాళ్లే ఆ చెట్టు దగ్గరకు చేరుకుంటారు.

తర్వాత కొమ్మలు. ఏటిపాలను గింజతో పెంచాల్సిన పనిలేదు. బొటనవేలి లావు కొమ్మను అడుగు పొడవు ముక్కలుగా కోసి, మూడింట రెండు వంతులు తడిమట్టిలో గుచ్చితే వేళ్లు వేస్తుంది. ఇంత సులువైనందువల్లే పొరపాటు జరిగే వీలుంది. ఈ చెట్టులో మగ వేరు, ఆడ వేరు. నర్సరీ మేస్త్రీ దగ్గరలో కనిపించిన ఒకే చెట్టు నుంచి వెయ్యి ముక్కలు కోసి బ్యాగుల్లో పెడితే నది పొడవునా వెయ్యి మగచెట్లో, వెయ్యి ఆడచెట్లో నిలబడతాయి. గింజ పుట్టదు. పైగా అన్నీ ఒకే చెట్టు నకళ్లు కాబట్టి ఒకదానికి తెగులొస్తే అన్నిటికీ వస్తుంది. అందుకే పూసే కాలంలో ఏది మగదో ఏది ఆడదో చూసి గుర్తుపెట్టుకుని, వీలైనన్ని వేర్వేరు చెట్ల నుంచి రెండు రకాల కొమ్మలూ తీసుకోవాలి. బ్యాగు మీద ఏ చెట్టు కొమ్మో రాసి ఉండాలి. ఈ ఒక్క నియమం మీ ఆదేశంలో స్పష్టంగా ఉంటే చాలు, మిగతాది మేస్త్రీలకు నేర్పనక్కర్లేదు.

నాటే చోటు విషయంలో మొండిగా ఉండండి. రోడ్డు పక్క వద్దు, బడి ఆవరణలో వద్దు, కలెక్టరేట్ ముందు ఫొటో కోసం అసలే వద్దు. ఏడాది పొడవునా వేరుకు తడి తగలని చోట ఇది నిలవదు. ఇళ్లకు, తాగునీటి పైపులకు, బావి ఒరలకు దూరంగా ఉంచాలి. విల్లో వేళ్లు నీటి జాడ పట్టి పైపు పగుళ్లలో దూరతాయి. తాండూరు తాగునీటి పథకం కాగ్నా మీద ఉంది గనుక ఈ జాగ్రత్త అక్కడ మరీ ముఖ్యం. నాపరాయి పాలిషింగ్ యూనిట్ల తెల్ల బురద పడే కాలువల్లో ఇప్పుడే నాటినా లాభం లేదు. ముందు ఆ బురద ఆగాలి. అది వేరే ఉత్తరం.

ఒక్క ఏటిపాలతో గట్టు నిండిపోవాలనీ అనడం లేదు. కొంచెం పైన తెల్లమద్ది, నేరేడు, మేడి ఉండాలి. వావిలి పొదలు ఉండాలి. ఈతచెట్లు ఉన్న చోట ఉన్నట్టే ఉంచాలి, గిజిగాడి గూళ్లకు అవి కావాలి. రాష్ట్ర వృక్షం జమ్మి అంటే నాకూ గౌరవమే, దసరాకు మొక్కుతాను. కానీ అది మెట్టనేల చెట్టు, దాన్ని తెచ్చి వాగులో పెట్టకండి. నాటాక రెండు మూడేళ్లు మేకల నుంచి కాపాడాలి. ఏటిపాల లేతాకు మేకలకు ఇష్టం. ఇనుప ట్రీగార్డులు వాగులో నిలవవు, మొదటి వరదకే కొట్టుకుపోతాయి. రేగుకంప, తుమ్మకంప చుట్టడం మన ఊళ్లలో అందరికీ వచ్చు. ఉపాధి హామీ పనిగా ఇస్తే కాపలాకూ మనిషి దొరుకుతాడు. కాపరులతో ముందే మాట్లాడుకుని, చెట్టు ఎదిగాక కొమ్మలు నరికి మేపుకోవచ్చని చెబితే వాళ్లే దాన్ని కాస్తారు. విల్లోను కొట్టినకొద్దీ చిగురుస్తుంది.

ఇంకొక సంగతి. పూడూరు మండలం దామగుండంలో నౌకాదళ రేడియో కేంద్రానికి 2,900 ఎకరాల అడవి ఇచ్చారు. 2024 అక్టోబర్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి శంకుస్థాపన చేశారు. అది మూసీ పుట్టే ప్రాంతపు అడవి. దాని మంచిచెడ్డల మీద జరిగిన వాదన ఇక్కడ తిరగదోడను. పోయిన చెట్లకు బదులు నాటాల్సినవి ఉంటాయి కదా. వాటిలో కొంత భాగాన్ని ఎక్కడో దూరంగా బంజరులో వరుసలు గీసి నాటకుండా, ఆ కొండల నుంచే దిగే వాగుల వెంట నాటించమని అటవీ శాఖతో పట్టుబట్టండి. అడవి పోయిన చోటే నీళ్లకు కాస్త నీడ దక్కుతుంది.

చివరగా లెక్క. ఎన్ని నాటారన్న సంఖ్య మాకు వద్దు. మూడో ఏడాది ఎండాకాలంలో, మే నెలలో, వాగు వెంట నడిచి ఎన్ని బతికాయో లెక్కపెట్టించండి. అందులో మగవెన్ని, ఆడవెన్ని అన్నది పూత కాలంలో చూసి రాయించండి. ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించమనండి.

తల్లిచెట్ల సర్వే పూత కాలంలోనే జరగాలి గనుక ఈ వానలు వెనకబట్టగానే, దసరా తర్వాత మొదలవ్వాలి. కొమ్మలు ఆ వెంటనే నర్సరీకి చేరితే వచ్చే వన మహోత్సవానికి మొక్క సిద్ధంగా ఉంటుంది. వచ్చే ఏటి నర్సరీ ఇండెంట్ మీ సంతకానికి వచ్చినప్పుడు ఏటిపాల అని ఒక వరుస కలపండి. మొదటి ఏడు అనంతగిరి కింద ఒక ఒర్రె, తాండూరుకు ఎగువన కాగ్నాలో ఒక మలుపు, ఈ రెండు చోట్ల చేస్తే చాలు. ఏ మలుపు ఎంచుకున్నారో తెలియజేస్తే తాండూరు నుంచి కొమ్మలు గుచ్చడానికి మనుషులను మేం తీసుకొస్తాం.

భవదీయుడు,
తాండూరు వాసి